ఓటమి నేర్పిన పాఠము

సికింద్రాబాదులో రైల్వేవారి సిగ్నల్ ఇంజనీరింగు విద్యాసంస్థ కలదు. అచటి ఆటస్థలముననే పూసర్ల వెంకట సింధు మహబూబ్ అలీ యనువారి కడ బ్యాడ్మింటను ఓనమాలు దిద్దెను.

ఆమె తల్లిదండ్రులు విజయ, రమణ వాలీబాలు క్రీడాకారులు. 1986లో సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యపతకము గెలిచిన భారతజట్టులో రమణ యొకరు. ఆయన 2000లో అర్జున పురస్కారమును పొందెను. తల్లిదండ్రుల కీర్తి బిడ్డకు త్రోవ చూపగలదు గాని, ఆమెకు బదులుగా ఆడజాలదు. 2001లో ఆల్ ఇంగ్లండు పోటీలో గెలిచిన గోపీచందును ఆదర్శముగా గైకొని, సింధు ఎనిమిదవ యేట రాకెట్టు పట్టెను. పిమ్మట ఆయనకే శిష్యురాలయ్యెను.

విజయము సులభముగా లభింపలేదు. 2016లో రియో ఒలింపిక్సు తుదిపోటీలో స్పెయిను క్రీడాకారిణి మారిన్ చేతిలో ఆమె ఓడిపోయెను. 2017లో గ్లాస్గో ప్రపంచపోటీల తుది ఆటలో జపాను క్రీడాకారిణి ఒకుహారాతో 110 నిమిషములు పోరాడియు ఓడెను. 2018లో నాన్‌జింగున మరల మారిన్‌దే గెలుపు. వరుసగా మూడేండ్లు తుదిమెట్టుననే నిరాశ! అయినను సింధు సాధన మానలేదు.

2019 ఆగస్టు 25న బాసెల్ నగరమున ప్రపంచపోటీల తుది ఆటలో ఒకుహారాయే మరల ఎదురయ్యెను. ఈసారి 21-7, 21-7తో సింధు గెలిచి, భారతీయులలో మొట్టమొదటి బ్యాడ్మింటను ప్రపంచవిజేత యయ్యెను. మూడేండ్ల ఓటములలో నేర్చిన పాఠమును ఒప్పచెప్పుటకు ఆమెకు నలుబది నిమిషములైనను పట్టలేదు.