వానాకాలంలో ఆగిపోయే చెక్క గడియారం

ప్రశ్న: టేకు పలకలు కోసి, పళ్ల చక్రాలతో లోలకం గడియారం సొంతంగా చేసుకున్నాను. ఎండాకాలం బాగానే నడిచింది. వానలు మొదలయ్యాక మాటిమాటికీ ఆగిపోతోంది. బరువు పెంచమంటారా?

జవాబు: బరువు పెంచకండి, పళ్లు విరుగుతాయి. మీ పనితనంలో లోపం కాదిది. చెక్క తేమ పీల్చినప్పుడు నార వెంట దాదాపు సాగదు, అడ్డంగా ఉబ్బుతుంది. దాంతో గుండ్రటి చక్రం కాస్త కోలగా మారి పక్క చక్రాన్ని పట్టేస్తుంది.

బరువు, లోలకం తీసేసి చక్రాలను వేలితో మెల్లగా తిప్పండి. బిగిసిన పంటి మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అక్కడ మాత్రమే సన్న గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దండి. ఇది ఈ వానలు గడవడానికే. తీరిక దొరికినప్పుడు చక్రాలను 6 మి.మీ. మంచి ప్లైవుడ్‌తో మళ్లీ కోసుకోండి. దాని పొరలు ఒకదానికొకటి అడ్డంగా అంటించి ఉంటాయి కాబట్టి ఆకారం చెడదు, పళ్లూ గట్టిగా నిలుస్తాయి.

చెక్కకు నూనె మాత్రం వద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది. ఇరుసుల దగ్గర పెన్సిల్ ములుకు పొడి చాలు. ఇంగ్లండులో వడ్రంగి జాన్ హారిసన్ 1720ల్లోనే సహజంగా జిడ్డున్న లిగ్నమ్ వైటే కర్ర వాడి, నూనె అక్కర్లేని గడియారం చేశాడు!

చక్రాలన్నీ తేలిగ్గా తిరుగుతున్నా టిక్ టిక్‌లు సమానంగా వినిపించకపోతే, గడియారాన్ని నిటారుగా సర్ది చూడండి. అప్పటికీ కుదరకపోతే పాత లోలకం గడియారాలు బాగుచేసేవారికి చూపించండి.