సింహాచలంలో పెళ్లిళ్లు తీసేవాళ్లకు: తక్కువ డబ్బులో కెమెరా బాడీ కొనేటప్పుడు చేయవలసినవి, చేయకూడనివి

సింహాచలం అప్పన్న సన్నిధిలో పిల్లల పెళ్లి చేస్తామని మొక్కుకునే కుటుంబాలు ఉత్తరాంధ్రలో ఊరూరా ఉన్నాయి. మంచి ముహూర్తం ఉన్న రోజున సింహాచలం కొండ మీదా, దిగువన కల్యాణ మండపాల్లోనూ ఒక పెళ్లివారు పీటల మీంచి లేచేసరికి ఇంకో పెళ్లివారు సిద్ధంగా ఉంటారు. ఆ హడావిడిలో పంతులుగారు జీలకర్ర బెల్లం చేతికిస్తారు, అడ్డుతెర దిగుతుంది, వధూవరులు ఒకరినొకరు చూసుకుంటారు. మొత్తం కలిపి కొన్ని సెకన్ల పని. అప్పుడు కెమెరా మొరాయిస్తే “ఇంకోసారి పెట్టండి” అని అడిగే వీల్లేదు. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్లు బాడీ కోసం తిరుగుతూ ముందు మెగాపిక్సెళ్లు అడుగుతున్నారు, తర్వాత వీడియో ఫోర్‌కే ఉందా అని అడుగుతున్నారు. అడగాల్సిన మొదటి ప్రశ్న వేరు. పోతే తిరిగి రానిదాన్ని ఈ బాడీ కాపాడుతుందా, లేదా?

రెండు కార్డు స్లాట్లు లేని బాడీని పెళ్లికి మెయిన్ కెమెరాగా పెట్టుకోకండి

ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు. మెమరీ కార్డు చెప్పి పాడవదు. రెండు స్లాట్లుంటే ఒకే ఫోటోను రెండు కార్డుల మీదా రాయించవచ్చు. ఒకటి చచ్చినా పెళ్లి బతుకుతుంది. కానీ తక్కువ ధరలో మెరిసిపోతూ కనిపించే ఫుల్ ఫ్రేమ్ బాడీలు చాలా వాటిలో స్లాటు ఒక్కటే. కెనాన్ 6డీ, 6డీ మార్క్ 2, ఈఓఎస్ ఆర్‌పీ, ఆర్8, సోనీ ఏ7 మార్క్ 2, నికాన్ జడ్6 మొదటి మోడల్ అన్నీ ఆ కోవలోవే. మంచి కెమెరాలే, రెండో బాడీగా పనికొస్తాయి. మెయిన్‌గా మాత్రం వద్దు.

రెండు స్లాట్లతో పాతబడి, ధర దిగివచ్చినవి చూడండి. 2012లో వచ్చిన కెనాన్ 5డీ మార్క్ 3, 2013 నాటి నికాన్ డీ610, 2014 నాటి డీ750, 2018 నాటి సోనీ ఏ7 మార్క్ 3, 2020 నాటి నికాన్ జడ్5. క్రాప్ సెన్సరు చాలనుకుంటే 2015 నాటి నికాన్ డీ7200. దాని తర్వాత వచ్చిన డీ7500లో కంపెనీ రెండో స్లాటు తీసేసింది. కొత్త మోడల్ కదా అని అది కొనుక్కొచ్చి, ఇంటికొచ్చాక తెల్లమొహం వేయకండి. నన్నడిగితే ఇప్పటికీ తక్కువ డబ్బులో పెళ్లి పనికి డీ750ని మించింది లేదు. రాత్రి ముహూర్తాల్లో, మండపం దీపాలు పసుపుపచ్చగా మసకబారినచోట కూడా ఐఎస్‌ఓ 3200, 6400 దగ్గర చర్మం రంగు చెడకుండా ఇస్తుంది.

స్లాట్లు రెండుంటే సరిపోదు, మెనూలోకి వెళ్లి రెండో స్లాటును బ్యాకప్‌కి మార్చండి. చాలామంది ‘ఓవర్‌ఫ్లో’లోనే వదిలేస్తారు. అంటే మొదటి కార్డు నిండాకే రెండోది మొదలవుతుంది, రక్షణ శూన్యం. 5డీ మార్క్ 3లో ఎస్‌డీ స్లాటు బాగా నెమ్మది. రెండింటికీ రాసేటప్పుడు ఆ నెమ్మది వేగానికే కెమెరా దిగిపోతుంది, తలంబ్రాల దగ్గర వరసగా నొక్కితే ఆగిపోతుంది. ఆ స్లాటుకు చిన్న జేపెగ్ మాత్రం పంపి, రా ఫైలును సీఎఫ్ కార్డుకు పంపండి.

ఒక ఖరీదైన బాడీ కాదు, రెండు ఓ మోస్తరు బాడీలు

కొత్త బాడీ ఒకటి ఈఎంఐలో తెచ్చుకుని దానితోనే పెళ్లికి వెళ్లకండి. షట్టరు పోయిందంటే మీ పేరూ దానితోపాటే పోతుంది. అదే డబ్బుతో రెండు పాత బాడీలు కొనండి. రెండూ ఒకే మౌంట్, ఒకే బ్యాటరీ అయి ఉండాలి. డీ750కీ డీ7200కీ ఈఎన్-ఈఎల్15 బ్యాటరీయే. రెండూ ఎస్‌డీ కార్డులే, లెన్సులూ మారవు. డీ7200 మీద 50 ఎంఎం లెన్సు పెడితే దాదాపు 75 ఎంఎం లాగా దగ్గరగా కనిపిస్తుంది. కాబట్టి పెళ్లికూతురి ముఖానికి ఆ బాడీ, మండపం మొత్తానికి డీ750. కెనాన్ వైపు 5డీ మార్క్ 3, 6డీ అలాంటి జంటే. రెండింటికీ ఎల్‌పీ-ఈ6 బ్యాటరీయే.

మూఢంలో పెళ్లిళ్లు ఆగుతాయిగానీ ఈఎంఐ ఆగదు. ఆ లెక్క వేసుకోకుండా సంతకం పెట్టకండి. చేతిలో ఉన్నదాంట్లో సగానికి మించి బాడీలకు పోనివ్వకండి. మిగతాది ఒక 50 ఎంఎం 1.8 లెన్సుకు, ఫ్లాష్‌కు, కార్డులకు, రెండు హార్డ్ డిస్కులకు. కొనడానికి మూఢమే మంచి అదను. పెళ్లిళ్లు మొదలయ్యేలోపు బాడీని చుట్టాల ఫంక్షన్లలో వాడి, లోపాలు బయటపెట్టుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ బాడీ చేతిలోకి తీసుకున్నప్పుడు

విశాఖలో దొరికే పాత బాడీ విషయంలో ఒక అదనపు జాగ్రత్త ఉంది. ఇక్కడ ప్రీ వెడ్డింగ్ అంటే రుషికొండ, యారాడ, భీమిలి. ఆ కెమెరా ఎన్ని సాయంత్రాలు అలల పక్కన గడిపిందో అమ్మేవాడు చెప్పడు. లోహం చెబుతుంది. ఫ్లాష్ పెట్టే హాట్ షూ పట్టాలు చూడండి, దాని కింది చిన్న స్క్రూలు చూడండి. బ్యాటరీ గది లోపలి రాగి రంగు కాంటాక్టుల మీద ఆకుపచ్చగా పూత కనిపించినా, ట్రైపాడ్ బిగించే మర లోపల తుప్పు పొడి రాలినా అక్కడే ఆగిపోండి. ఉప్పు లోపలి బోర్డు దాకా వెళ్లిన బాడీ ఇవాళ పనిచేస్తుంది, మాఘమాసంలో చేయదు. బయటి స్క్రూల తలల మీద నల్లరంగు లేచిపోయి ఉంటే ఎవరో విప్పారన్నమాట. ఎందుకు విప్పారో అడగండి, సర్వీసు బిల్లు చూపించమనండి.

తర్వాత సెన్సరు. లెన్సును ఎఫ్/16కి మూసి, తెల్లగోడనో ఆకాశాన్నో ఒక ఫోటో తీసి స్క్రీను మీద పెద్దది చేసి మూలమూలా జరపండి. నల్ల చుక్కలు దుమ్మయితే తుడిస్తే పోతాయి. గీతలైతే పోవు. లెన్సుకు మూత పెట్టి 30 సెకన్ల ఎక్స్‌పోజరు ఇవ్వండి. చీకట్లో ఎర్రగా, తెల్లగా నక్షత్రాల్లా మెరిసేవి ఎక్కువుంటే ఆ సెన్సరు అలసిపోయింది. నికాన్ డీ600 ఎవరైనా చవగ్గా ఇస్తామంటే ఎఫ్/16 పరీక్ష రెండుసార్లు చేయండి. ఆ మోడల్‌లో షట్టరు నుంచి సెన్సరు మీదికి నూనె చుక్కలు, దుమ్ము చిందేవి. కంపెనీయే 2014లో ఉచితంగా షట్టర్లు మార్చింది. మార్చిన కాగితం లేకపోతే వదిలేయండి. డీ750లో కూడా కొన్ని సీరియల్ నంబర్లకు షట్టరు సమస్యని కంపెనీ ఒప్పుకుని బాగుచేసింది. సీరియల్ నంబరు రాసుకుని సరిచూసుకోండి.

షట్టర్ కౌంట్ అడగకుండా ధర మాట్లాడకండి. 5డీ మార్క్ 3, డీ610, డీ750 షట్టర్లకు కంపెనీ చెప్పిన లెక్క 1,50,000, 6డీకి 1,00,000. పెళ్లి ఫోటోగ్రాఫరు వాడిన బాడీ ఒక్క సీజనులోనే ఎంత దూరం తిరుగుతుందో మీకు తెలుసు. లక్ష దాటిందంటే షట్టరు మార్పిడి ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. ఇక స్లాట్లు. మీ కార్డులు రెండు తీసుకెళ్లండి, బ్యాకప్ మోడ్‌లో ఒక 50 ఫోటోలు ఆపకుండా కొట్టండి, రెండు కార్డులూ లాప్‌టాప్‌లో తెరిచి చూడండి. 5డీ మార్క్ 3లో సీఎఫ్ స్లాటు లోపలి సన్నని పిన్నులు టార్చి వేసి చూడాలి. ఒక్కటి వంగినా అది ఒంటి స్లాటు కెమెరాయే. చివరగా గది దీపం ఆర్పి, ఒక్క సెల్‌ఫోను వెలుతురులో ముఖం మీద ఫోకస్ పట్టించండి. హోమం వెలుగులో మీకు కావలసింది ఈ సామర్థ్యమే.

బేరం కుదిరాక

“నేవీలో ఉన్నానండీ, బదిలీ అయింది, అర్జంటుగా అమ్మేస్తున్నా.” నావికాదళం ఉన్న ఊరు కాబట్టి విశాఖలో ఈ మాట వెంటనే నమ్మబుద్ధి వేస్తుంది. సైన్యం పేరు చెప్పి, ఐడీ కార్డు ఫోటో పంపి అడ్వాన్సు లాగేయడం దేశమంతా సాగుతున్న మోసం. వస్తువు కంటితో చూడకుండా ఒక్క రూపాయి పంపకండి. మీరు అమ్మేటప్పుడు కూడా డబ్బు రావడానికి క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పని, యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఒరిజినల్ బిల్లు లేని బాడీ ముట్టుకోకండి. దొంగ సొత్తని తెలిసి తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను మీ మీదికి వస్తుంది. తెలియక తీసుకున్నా కెమెరా పోలీసుల దగ్గరికి పోతుంది, డబ్బు ఇంటికి రాదు. బిల్లు మీది సీరియల్ నంబరు, బాడీ అడుగున ఉన్నది ఒకటో కాదో అక్షరమక్షరమూ సరిచూడండి. అమ్మినవారి చేత తేదీ, నంబరు వేసిన రసీదు రాయించుకోండి. రేపు ఇన్సూరెన్సు చేయించినా, ఫిర్యాదు ఇవ్వాల్సి వచ్చినా అదే ఆధారం.

పెళ్లి రోజు

బరాత్ దగ్గర, సంగీత్ దగ్గర డీజే లేజర్ల వైపు కెమెరా తిప్పకండి. సన్నని ఆ కిరణం నేరుగా లెన్సులో పడితే సెన్సరు మీద గీతలా కాలిపోతుంది, మళ్లీ పోదు. మిర్రర్‌లెస్ బాడీలో సెన్సరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎల్ఈడీ గోడలున్న మండపంలో సైలెంట్ షట్టరు వాడకండి, ఫోటోల్లో అడ్డచారలు పడతాయి.

హోమం దగ్గర లెన్సు మార్చకండి. నెయ్యి పొగ, తలంబ్రాల పసుపు పొడి తిన్నగా సెన్సరు మీద కూర్చుంటాయి. రెండు బాడీలుంటే ఆ అవసరమే రాదు. ఏసీ హాలులోంచి విశాఖ ఉక్కపోతలోకి వచ్చేటప్పుడు కెమెరాను సంచిలో మూసి తీసుకురండి, పావుగంట ఆగి తెరవండి. లేకపోతే లెన్సు లోపలా బయటా నీరు పడుతుంది. ఇంట్లో సంచిలోనే వదిలేస్తే సముద్రపు గాలికి లెన్సులో ఫంగస్ సాలెగూడులా అల్లుకుంటుంది. డ్రై క్యాబినెట్‌కు డబ్బు లేకపోతే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ చాలు. ఉబ్బిన డూప్లికేటు బ్యాటరీని ఛార్జింగులో పెట్టకండి. కార్డులో ఫోటోలు రెండు డిస్కుల్లోకి వెళ్లేదాకా ఫార్మాట్ చేయకండి.

గుడి లోపల కెమెరా తీయకూడదు. పెళ్లివారు ఎంత బతిమాలినా సరే, దేవస్థానం వాళ్లు అనుమతించిన చోటే తీయండి. డ్రోన్ సంగతి ఇంకా గట్టిది. విశాఖ విమానాశ్రయమే నేవీ వైమానిక స్థావరం, ఐఎన్‌ఎస్ డేగా. సింహాచలానికి అది ఎంతో దూరం కాదు. డిజిటల్ స్కై మ్యాపులో జోను చూడకుండా, అనుమతి లేకుండా ఎగరేయకండి.

బుకింగు వచ్చినప్పుడు

2024 ఫిబ్రవరిలో విశాఖకు చెందిన ఒక యువ ఫోటోగ్రాఫరును పెళ్లి షూటింగు అని చెప్పి కోనసీమ వైపు రప్పించి, అతని కెమెరాల కోసం చంపి పాతిపెట్టారు. అతను చేసిన తప్పంటూ ఏమీ లేదు, పని వచ్చిందని వెళ్లాడు. మనమంతా అలాగే వెళ్తాం. అందుకే గేరు గురించి రాస్తూ ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

తెలియని నంబరు నుంచి వచ్చిన బుకింగుకు ఒంటరిగా వెళ్లకండి. శుభలేఖ పంపమనండి, మండపానికి మీరే ఫోను చేసి ఆ తేదీన ఆ పేరుతో బుకింగు ఉందో లేదో కనుక్కోండి. అడ్వాన్సు బ్యాంకు ఖాతా నుంచి తీసుకోండి, పేరు రికార్డులో ఉంటుంది. “కారు పంపిస్తాం, దారిలో ఎక్కించుకుంటాం” అంటే ఒప్పుకోకండి, పెళ్లింటికే నేరుగా చేరండి. మీ సామాను జాబితా, ధరలు, కొత్త బాడీ డబ్బా విప్పే రీళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకండి, తీసిన పెళ్లిళ్లు పెట్టండి. బయలుదేరేటప్పుడు పెళ్లివారి ఫోను నంబరు, మండపం అడ్రసు ఇంట్లో ఇచ్చి లైవ్ లొకేషన్ ఆన్ చేయండి. ఫలానా టైముకు ఫోను రాకపోతే ఎవరికి చెప్పాలో ముందే అనుకోండి. రెండు బాడీల సీరియల్ నంబర్లు, బిల్లుల ఫోటోలు మీ ఫోనులోనే కాకుండా ఇంట్లోవాళ్ల ఫోనులో కూడా ఉంచండి.