ఫ్రెంచి వారి భోజనం – పుదుచ్చేరి విద్యాయాత్ర నుంచి ఒక పాఠం



మన ట్రస్టు నుంచి ఉపకార వేతనం అందుకుంటున్న పిల్లల్లో ప్లస్ టూకి వచ్చేసరికి ఫ్రెంచి తీసుకునేవారు ఏటా కొందరుంటారు. ఎందుకు తీసుకున్నావమ్మా అని అడిగితే "మార్కులు బాగా పడతాయండీ" అంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ రొట్టెకీ, చీజ్ కీ, సూపుకీ ఫ్రెంచి పేర్లు బట్టీ పట్టి నూటికి తొంభై ఐదు తెచ్చుకున్న పిల్ల, ఆ రొట్టె విరిస్తే ఎలా చప్పుడవుతుందో వినకుండానే కాలేజీకి వెళ్ళిపోతోంది. మరికొందరు హోటల్ మేనేజిమెంటు, ఫుడ్ టెక్నాలజీ చదవాలని దరఖాస్తు పెట్టుకుంటున్నారు. వీళ్ళందరినీ ఫ్రాన్సుకి పంపే స్తోమత మన ట్రస్టుకి లేదు. పుదుచ్చేరికి తీసుకెళ్ళే స్తోమత ఉంది. అంబత్తూరు నుంచి సుమారు 160 కిలోమీటర్లు, పాసుపోర్టు అక్కరలేదు. 1674 నుంచి 1954 దాకా, మధ్యలో డచ్చివారూ ఇంగ్లీషువారూ పట్టుకున్న కొన్నేళ్ళు పోనిస్తే, ఫ్రెంచి వారు ఏలిన ఊరు అది. 1826లో మొదలైన ఫ్రెంచి పాఠశాల ఇప్పటికీ అక్కడ నడుస్తోంది. అందుకని అర్ధ సంవత్సరపు పరీక్షల సెలవుల్లో పద్దెనిమిది మంది పిల్లలతో ఒక రోజు వెళ్ళివచ్చాం.

తెల్లవారుజామున నాలుగింటికి అంబత్తూరు ఓ.టి. దగ్గర వ్యాను ఎక్కాం. పొద్దున ఒక బేకరీ, తర్వాత గూబేర్ మార్కెట్టు, మధ్యాహ్నం ఫ్రెంచి పద్ధతిలో భోజనం, సాయంత్రం సముద్రపు ఒడ్డు. వారం తిరక్కుండా ప్రతి ఒక్కరూ ఒక పేజీ రాసి ఇవ్వాలన్నది షరతు.

పేజీలు వచ్చాయి. చదివి కొంచెం నీరసపడ్డాను. దాదాపు అందరూ ఒకే మాట: క్రొయ్‌సాఁ తిన్నాం, సూపు తాగాం, క్రెమ్ కారమెల్ తిన్నాం, అన్నీ బాగున్నాయి, ట్రస్టు వారికి ధన్యవాదాలు. ఒకబ్బాయి మాత్రం "భోజనం గంటా యాభై నిమిషాలు పట్టింది, నేను పన్నెండు నిమిషాల్లో ముగించి మిగతా సేపు ఏం చేయాలో తెలియక కూర్చున్నాను" అని రాశాడు. నిజానికి ఆ పద్దెనిమిది పేజీల్లో పాఠం ఉన్న వాక్యం అదొక్కటే. పేజీలన్నీ తిరిగి ఇచ్చేసి, ఏం తిన్నారో వద్దు, మిమ్మల్ని ఏది ఆశ్చర్యపరిచింది, దానికి కారణం ఏమిటి, మన ఇంట్లో దానికి దగ్గరగా ఏముంది, ఈ మూడూ రాయండి అన్నాం. ఈ వ్యాసం ఆ రెండోసారి వచ్చిన పేజీల మీద ఆధారపడి రాసినది.

ముందు ఆ గంటా యాభై నిమిషాల సంగతి. 2010 నవంబరులో యునెస్కో వారు ఫ్రెంచి వారి విందు భోజనాన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వంలో చేర్చారు. అక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఏదో ఒక వంటకానికి ఇచ్చిన గుర్తింపు కాదది. పెళ్ళి, పుట్టినరోజు వంటి సందర్భాల్లో అందరూ కలిసి కూర్చుని, వరుస ప్రకారం వడ్డించుకుని, తింటున్నదాన్ని గురించి మాట్లాడుకునే ఆచారానికి ఇచ్చినది. ముందు తినేది, తర్వాత కూరగాయలతో చేపో మాంసమో, ఆ తర్వాత చీజ్, చివర తీపి, ఇలా కనీసం నాలుగు అంకాలు. ఒకటి ముగిసి పళ్ళేలు తీసేదాకా రెండోది రాదు. మామూలు రోజుల్లో కూడా ఫ్రెంచి వారు తినడానికీ తాగడానికీ కలిపి రోజుకు రెండు గంటలకు పైగా వెచ్చిస్తారు. మన విస్తరిలో పప్పు, కూర, పచ్చడి, పులుసు, పెరుగు ఒకేసారి కంటికి కనిపిస్తాయి, మనకు కావలసిన వరుసలో మనం కలుపుకుంటాం. వారికి వరుస కాలంలో ఉంటుంది, మనకు ఆకు మీద ఉంటుంది. ఈ తేడా కనిపెట్టి రాసినది పదకొండో తరగతి అమ్మాయి. నాకు తట్టలేదు. అయితే పెళ్ళి పంక్తిలో తప్ప మన ఇళ్ళలో ఇప్పుడు ఎంతమంది కలిసి కూర్చుంటున్నారని కూడా ఆ పిల్ల అడిగింది. పెద్దలే జవాబు చెప్పుకోవాలి.

బేకరీ దగ్గరికి వద్దాం. మేం చేరేసరికి మొదటి వాయి అయిపోయి రెండోది పొయ్యిలో ఉంది. పొడుగాటి బాగెత్ రొట్టె బయటికి తీయగానే పైపెంకు చిటపటమంటుంది. బేకరీ ఆయన అందరినీ కాసేపు మాట్లాడవద్దని చెప్పి ఆ చప్పుడు వినిపించారు. ఈ రొట్టె తయారుచేసే నైపుణ్యానికి కూడా యునెస్కో 2022లో గుర్తింపు ఇచ్చింది. ఫ్రాన్సులో 1993లో ఒక ఉత్తర్వు వచ్చింది. 'సంప్రదాయ ఫ్రెంచి రొట్టె' అని పేరు పెట్టి అమ్మాలంటే పిండి, నీళ్ళు, ఉప్పు, పులియబెట్టే ఈస్టు లేక పులిసిన పిండి, ఇవే ఆధారం. పాడవకుండా ఉంచే మందులు కలపకూడదు. పిండిని చలిలో గడ్డకట్టించి దాచకూడదు. మందులు లేవు గనుక పొద్దున కొన్న రొట్టె రాత్రికి గట్టిపడిపోతుంది. అందుకే అక్కడ రోజూ కొనుక్కుంటారు. పారిస్‌లో బేకరీలవారంతా ఒకేసారి వేసవి సెలవు తీసుకోకుండా 2015 దాకా ప్రభుత్వ నియమమే ఉండేదంటే రొట్టె వారికి ఎంత ముఖ్యమో చూడండి.

బేకరీ ఆయన ఒక డబ్బా మూత తీసి చూపించారు. లోపల బుడగలు లేస్తున్న పుల్లటి పిండి. దీన్ని వారు లెవాఁ అంటారు. గోధుమపిండి, నీళ్ళు కలిపి ఉంచితే అందులో సహజంగా ఉండే ఈస్టు, పులుపు పుట్టించే సూక్ష్మజీవులు పెరుగుతాయి. కొంత వాడుకుని, మిగిలినదానికి మళ్ళీ పిండీ నీళ్ళూ పోస్తూ నెలలూ ఏళ్ళూ బతికిస్తారు. అప్పుడు మా వాళ్ళలో ఒకమ్మాయి చాలాసేపు ఆ డబ్బా దగ్గరే నిలబడిపోయింది. ఏమిటమ్మా అంటే ఏం లేదండీ అంది.

రెండోసారి రాసిన పేజీలో ఏమిటో చెప్పింది. వాళ్ళ నాన్నగారు ఇడ్లీ పిండి రుబ్బి, కవర్లలో కట్టి, మన అంబత్తూరులోనే కిరాణా కొట్లకు వేస్తారు. సాయంత్రం రుబ్బిన పిండి తెల్లవారుజామున పొంగిందో లేదో మూత తీసి వాసన చూసే చెప్తారట. డిసెంబరు చలికి పిండి ఆలస్యంగా పొంగుతుంది కాబట్టి ఎప్పుడు రుబ్బాలో వేరే లెక్క, మే నెలలో వేరే లెక్క. బేకరీ ఆయన పాత పిండిని దాచుకోవాలి, మా నాన్నకు ఆ అవసరం లేదు, ఎందుకంటే పులియబెట్టే సూక్ష్మజీవులు మినప్పప్పు, బియ్యంతోనే వస్తాయి, ఇది మా బయాలజీ మేడమ్‌ని అడిగి తెలుసుకున్నాను అని రాసింది. ఇద్దరూ చేసేది ఒకే పని, ఆయన చేసేది చూడటానికి వ్యాను వేసుకుని వెళ్ళాం, మా నాన్న చేసేది మా ఫ్రెండ్సుకి నేను ఎప్పుడూ చెప్పలేదు అని కూడా రాసింది. అది చదివాక ఆ అమ్మాయి దరఖాస్తు తీసి చూశాను. తండ్రి వృత్తి అన్న చోట 'స్వంత వ్యాపారం' అని ఉంది. మన ఫారాలలో చాలావాటిలో అలాగే ఉంటుంది. తోపుడుబండి అయినా, మెస్సు అయినా, పిండి వ్యాపారం అయినా, ఆ మాట వెనక దాక్కుంటాయి. ఇందులో ఆ పిల్ల తప్పు కొంతే. ఆ గడిలో ఒకే ఒక మాట పట్టేంత చోటు ఉంచిన మాది మిగతా తప్పు. వచ్చే ఏడు ఫారంలో అక్కడ నాలుగు గీతలు ఉంటాయి.

గూబేర్ మార్కెట్టులో మరొకటి దొరికింది. ఉల్లిపాయ, వెల్లుల్లి, ఆవాలు, మెంతులు, మినప్పప్పు కలిపి దంచి, ఉండలు చేసి, ఆముదం పట్టించి ఎండబెట్టినవి. తమిళులు వడవం, వడగం అంటారు, మన ఇళ్ళలో తాలింపు వడియాలు అంటాం. పుదుచ్చేరిలో కాపురం ఉన్న ఫ్రెంచి వారి వంటల్లోకి ఇది చేరింది. పేరు కాస్త మారి వడువాన్ అయింది. ఇప్పుడు ఫ్రాన్సులోనూ అమెరికాలోనూ పెద్ద పెద్ద వంటవారు చేపల మీద, సూపుల్లో చల్లే ఖరీదైన మసాలా పొడి అది. కొత్త తరం వడువాన్‌లో ఆముదం ఉండదు, ఎండ బదులు ఓవెన్‌లో ఆరబెడతారు. ఒక తల్లి ఈ సంగతి కూతురి పేజీలో చదివి, "మా అత్తగారు డాబా మీద పెడుతుంటే కాకుల్ని తోలలేక విసుక్కునేదాన్ని, ఇదా దాని సంగతి" అన్నారు.

ఫ్రెంచి వారి నుంచి తెలుసుకోవలసిన మాట ఇంకొకటి తెర్వార్. మట్టి, నీరు, గాలి, ఆ ఊరి చేతివాటం, అన్నీ కలిసి ఒక పదార్థానికి ఇచ్చే గుణం అని చెప్పుకోవచ్చు. తెలుగువారికి ఇది కొత్త సంగతేమీ కాదు. పుదుచ్చేరి ప్రభుత్వం కిందే ఉన్న మన తెలుగు ఊరు యానాం తలుచుకోండి. కాకినాడ దగ్గర, గోదావరి పాయ మీద, ముప్పై చదరపు కిలోమీటర్ల చోటు. అదీ 1954 దాకా ఫ్రెంచి వారిదే. చట్టప్రకారం అప్పగింత 1962 ఆగస్టు 16న ముగిసింది. వరదల కాలంలో సముద్రంలోని ఇలస చేప గోదావరి ఎర్రనీటికి ఎదురీది వస్తే దాన్ని పులస అంటారు. చేప ఒకటే. నీరు మారింది, రుచి మారింది, పేరు మారింది, ధర కూడా చెప్పరానంతగా మారింది. పుస్తెలమ్మి అయినా పులస తినాలని గోదావరి వాళ్ళు ఊరికే అన్నారా? తెర్వార్ అంటే ఏమిటని పరీక్షలో అడిగితే ఇది రాయండి, చాలు.

తేడా ఎక్కడుందంటే, ఫ్రెంచి వారు ఆ గుణాన్ని చట్టంలో రాసి కాపాడుకున్నారు. రోక్‌ఫోర్ అనే గొర్రెపాల చీజ్ ఆ ఊరి కొండ గుహల్లో మాగితేనే ఆ పేరు పెట్టుకోవాలని 1925లోనే చట్టం చేశారు. 1935లో వైన్లకు ఇలాంటి ఏర్పాటు దేశమంతటికీ తెచ్చారు. మన దేశంలో భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చింది, 2003లో అమలయింది. తిరుపతి లడ్డుకు 2009లో, బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో గుర్తింపు దక్కింది. వేరే రాష్ట్రాల నుంచి తెచ్చిన ఇలసనే పులస అని చెప్పి అమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. న్యాయశాస్త్రం చదవాలనుకునే పిల్లలు ఇటువైపు చూడవచ్చు. ఫుడ్ టెక్నాలజీ ఒక్కటే దారి కాదు.

పిల్లలు ఎక్కువగా నమ్మలేకపోయినది ఫ్రెంచి బడి భోజనం గురించి. 2011 నాటి ఉత్తర్వు ప్రకారం అక్కడి బడి క్యాంటీన్లో మధ్యాహ్న భోజనానికి నాలుగైదు అంశాలు ఉండాలి. నీళ్ళు, రొట్టె అడిగినంత ఇస్తారు. ఉప్పు, కెచప్ మాత్రం బల్ల మీద ఇష్టం వచ్చినట్టు పోసుకునేలా పెట్టకూడదు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బడిలో వైన్ పోయకూడదని 1956లో నిషేధించారంటే, అంతకుముందు పోసేవారన్నమాట! ఇది విని వ్యాన్లో అరగంట నవ్వారు. అయితే ఆ నవ్వు ఆగాక మన సంగతి చెప్పాను. మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్న పిట్టి త్యాగరాయ శెట్టిగారు, మన తెలుగువారు, 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టించారు. టి.నగర్ అన్న పేరు ఆయనదే. 1982లో ఎం.జి.ఆర్. పోషకాహార పథకం, 2022లో ప్రభుత్వ బడులలో ఉదయం ఫలహారం, అన్నీ ఆ వరుసలో వచ్చినవే. పద్దెనిమిది మందిలో నలుగురు బడి భోజనం తిని పెరిగినవారు. టి.నగర్ పేరు ఎవరిదో ఒక్కరికీ తెలియదు.

కొందరు తల్లిదండ్రులు శాకాహారం గురించి అడిగారు. బాగెత్ రొట్టెలో గుడ్డు, పాలు ఉండవు. క్రొయ్‌సాఁలో వెన్న ఉంటుంది, పైన గుడ్డు పూస్తారు. వంకాయ, టొమాటో, కాప్సికమ్ నూనెలో మగ్గించే రతతుయ్ మనవాళ్ళందరికీ నచ్చింది, కారం తక్కువన్న ఫిర్యాదు తప్ప. సూపు మాత్రం అడిగి తాగాలి, మాంసం ఉడికించిన నీటితో చేస్తారు. చీజ్ దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. చాలా ఫ్రెంచి చీజ్‌లలో పాలు విరగడానికి దూడ లేక గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెనెట్ వాడతారు. పట్టింపు ఉన్నవారు సిగ్గుపడకుండా అడగాలి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోలేదు.

పిల్లల రెండోసారి పేజీలు ట్రస్టు ఆఫీసులో ఒక ఫైలుగా పెట్టాం. ఆదివారం ఉదయం పదింటి నుంచి ఎవరైనా వచ్చి చదవవచ్చు. పన్నెండు నిమిషాల అబ్బాయి పేజీ ఒక్కటే ఇంకా రాలేదు. ఇంట్లో అందరినీ ఒక్క పూటైనా గంటసేపు కూర్చోబెట్టి చూసి రాస్తానన్నాడు. వాళ్ళ నాన్నగారికి షిఫ్టు డ్యూటీ, అమ్మగారికి సాయంత్రం ట్యూషన్లు. ఇప్పటికి మూడు ఆదివారాలు గడిచాయి.