వాతరక్తం: మాత్ర కరిగినా మందు నిలుస్తుంది

పాయా, నిహారీ ప్రీతితో భుజించే మా పాతబస్తీ ఇళ్లలో కాలి బొటనవ్రేలి కీలు అర్ధరాత్రి ఎర్రబారి వాచిపోవడం వింత కాదు. ఆయుర్వేదం దీనిని వాతరక్తమన్నది. చార్మినార్ వద్ద యునానీ హకీములు నిక్రిస్ అంటారు. రక్తంలో యూరిక్ ఆమ్లం అధికమై కీళ్లలో స్ఫటికాలుగా పేరుకోవడమే దీనికి మూలం.

దీనికి వాడే అల్లోప్యూరినాల్ గంట రెండు గంటల్లోనే రక్తంలో సగానికి తగ్గుతుంది. మరి రోజుకొక్క మాత్ర ఎలా చాలునని నన్ను పలువురు అడుగుతుంటారు. యూరిక్ ఆమ్లాన్ని తయారుచేసే జాంథిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమే ఈ మందును ఆక్సిప్యూరినాల్‌గా మారుస్తుంది. అలా పుట్టిన పదార్థం తనను పుట్టించిన ఎంజైమునే బంధిస్తుంది. భస్మాసురుని వరం వంటిదే ఇదీ! అది సగం తగ్గడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అసలు పని దానిదే.

దానిని వెలుపలికి పంపేవి మూత్రపిండాలు. అవి బలహీనమైనవారిలో అది పేరుకొంటుంది. కనుక వైద్యులు స్వల్ప మోతాదుతో ఆరంభిస్తారు. అజాథయోప్రిన్ వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ మందును విరిచేదీ ఈ ఎంజైమే గనుక దాని విషప్రభావం పెరుగుతుంది. తిప్పతీగ కషాయం త్రాగుతున్నామని మాత్రను సొంతంగా మానరాదు. అయితే ఒంటిపై దద్దుర్లు లేస్తే వెంటనే ఆపి, ఆ పూటే వైద్యుని చూడాలి.