ఆకాశమునుండి సముద్రపు ఉప్పు కొలత

సముద్రపు నీరు ఉప్పన యని తీరగ్రామములలో పిల్లలకును తెలియును. కాని అది అన్నిచోట్లను ఒకే పాటి ఉప్పన కాదు. లోకములోని సముద్రములను సగటున చూచినచో కిలో నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పు తేలును. అరేబియా సముద్రపు పైనీటిలో 36 గ్రాములకు మించిన చోట్లు కలవు. మన బంగాళాఖాతపు ఉత్తరభాగములో వానకాలము చివర 30 గ్రాములకంటెను తగ్గును. గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి మున్నగు నదులు తెచ్చిపోయు మంచినీరును, కురియు వానయు దీనికి కారణము.

ఈ లెక్క పంచాయతీ సభ్యులకేల యని మీరు అడుగవచ్చును. ఉప్పు తక్కువైన నీరు తేలిక. అది ఉప్పునీటిపై మూతవలె నిలుచును. తుపాను గాలి సముద్రమును చిలికి, అడుగున నున్న చల్లని నీటిని పైకి తెచ్చును. పైనీరు చల్లబడినకొలది తుపానుకు బలము తగ్గును. మంచినీటి మూత గట్టిగా నున్నచోట ఈ చిలుకుట సరిగా సాగదు. పైనీరు వెచ్చగనే యుండి తుపానుకు బలమిచ్చుచుండును. ఆశ్వయుజ కార్తికములలో మన తీరమునకు వచ్చు తుపానుల బలమును అంచనా కట్టువారికి ఉప్పు లెక్క కావలసివచ్చుట ఇందువలననే.

పూర్వము ఓడలు పోవు దారులలోనే ఈ కొలతలు దొరకెడివి. 2009 నవంబరు 2వ తేదీన ఐరోపా అంతరిక్ష సంస్థ స్మాస్ అను ఉపగ్రహమును పంపినది. 2011 జూన్‌లో అమెరికా, అర్జెంటీనా దేశములు కలిసి అక్వేరియస్ అను పరికరమును పంపగా, అది 2015 జూన్ వరకు పనిచేసినది. 2015 జనవరిలో అమెరికా పంపిన స్మాప్ ముఖ్యముగా నేలలోని తేమను కొలుచుటకు ఉద్దేశింపబడినది. సముద్రపు ఉప్పును గూడ అదే కన్నుతో చూడగలుగుట అదనపు లాభము.

ఉపగ్రహము నీటిని ముట్టదు, రుచి చూడదు. ప్రతి వస్తువును తన వేడిమినిబట్టి కంటికి కానరాని రేడియో తరంగములను సన్నగా వెలువరించుచుండును. వానిలో సుమారు 21 సెంటీమీటర్ల తరంగమును పట్టి చూచినచో, ఉప్పు హెచ్చైన నీరు కొంచెము మసకగాను, తక్కువైన నీరు కొంచెము కాంతిగాను తోచును. ఈ భేదము బహు స్వల్పము. వెచ్చని సముద్రములో కిలోకు ఒక గ్రాము ఉప్పు మారినను, ఆ కాంతిలో మార్పు ఒక డిగ్రీకి లోపే యుండును. చల్లని సముద్రములో అందులో సగమైనను ఉండదు. అలల గరుకుదనము, సూర్యుని ప్రతిఫలనము, భూమిమీది రాడారుల చప్పుడు అన్నియు ఇందులో కలియును. వీనినన్నిటిని తీసివేసిన పిమ్మట మిగిలినదే ఉప్పు లెక్క.

ఆ లెక్క సరియైనదా? సముద్రములలో ఆర్గో అను తేలుడు పరికరములు సుమారు 4000 తిరుగుచున్నవి. అవి 10 దినములకొకసారి 2000 మీటర్ల లోతునుండి పైకి వచ్చుచు ఉప్పును, వేడిమిని కొలిచి ఉపగ్రహముల ద్వారా కబురు పంపును. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము ఈ కార్యములో పాల్గొనుచున్నది. ఉపగ్రహపు లెక్కను ఈ లెక్కతో సరిచూతురు.

ఇక్కడ ఒక చిక్కు గలదు. ఆర్గో పరికరములలో చాలవరకు పైకి సుమారు 5 మీటర్లు ఉండగనే కొలుచుట ఆపును. ఉపగ్రహము చూచునది పైనున్న ఒక సెంటీమీటరు నీటిని మాత్రమే. చిన్న జల్లు పడిన పిమ్మట పొలములో పైమన్ను తడిసి, జానెడు లోతున పొడిగా నుండుట రైతు ఎరిగినదే. సముద్రముమీద పెద్దవాన కురిసినపుడును అట్లే జరుగును. రెండు లెక్కలు కలియవు, అయినను రెండును అబద్ధము కావు. పైగా పరికరము ఒక్క చోటిది. స్మాప్ చూపు సుమారు 40 కిలోమీటర్ల మేర సగటు. మండల కేంద్రములోని వానమాపకపు అంకె తమ ఊరి వాన కాదని వాదించిన సభ్యులకు ఈ తగవు క్రొత్త కాదు. కావున ఒక్క చూపును నమ్మక, నెల దినముల చూపులను కలిపి సగటు తీయుదురు. అక్వేరియస్ పెట్టుకొన్న గురి, 150 కిలోమీటర్ల మేర నెల సగటులో 0.2 గ్రాములకు మించి తప్పు ఉండరాదనుట.

మన తీరవాసులకు ముఖ్యమైన లోపము మరియొకటి. ఈ తరంగములో నేల నీటికంటె మిక్కిలి కాంతిగా కనబడును. తీరము దగ్గర నేలకాంతి నీటి లెక్కలో కలిసి దానిని చెడగొట్టును. అనగా గ్రామములు ఉన్నచోటనే ఉపగ్రహము బలహీనము.

ఈ లోటును తీర్చిన పని మా దృష్టిలో మిక్కిలి మెచ్చదగినది. 2005 మే నుండి జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవారు భారత తీరమున ఎనిమిది చోట్ల జాలరులచే 5 దినములకొకసారి, మోకాలిలోతున నిలిచి, సముద్రపు నీటిని పట్టించిరి. తీరపు నీటి లెక్క నడిసముద్రపు నీటి మార్పులను సరిగా చూపునా యను సందేహమును, లోపలినుండి తెచ్చిన నీటితో పోల్చి తీర్చుకొనిరి. ఫలితము 2014లో ప్రకటింపబడినది. వానకాలము చివర ఖాతపు ఉత్తరభాగములో ఉప్పు కిలోకు 10 గ్రాములకు మించి తగ్గుచున్నది. ఆ తేటనీరు సుమారు 100 కిలోమీటర్ల వెడల్పు గల పట్టీగా తూర్పు తీరమువెంట దక్షిణమునకు నడచి, రెండున్నర నెలలకు దేశపు దక్షిణపు కొనను చేరుచున్నది. దీనికి వారు సముద్రములోని నది యని పేరిడిరి. అక్వేరియస్ ఒక్క చూపు వెడల్పే ఇంచుమించు ఆ పట్టీ యంత. జాలరులు పట్టిన నీటిలో ఆ నది స్పష్టముగా కనబడినది.