ఏటి ఒడ్డున మద్దిచెట్లు

బెంగళూరులో కుళాయి తిప్పగానే వచ్చే కావేరి నీరు దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుండి వస్తుందని మనలో చాలామందికి తెలుసు. మనం తోడుకున్న తరువాత ఆ నది ఏ దారిన పోతుందో తెలిసినవారు తక్కువ. శివనసముద్రం దగ్గర జలపాతాలై దిగి, ముత్తత్తి, భీమేశ్వరి, సంగమం మీదుగా అది కావేరి వన్యప్రాణి అభయారణ్యంలో ప్రవహిస్తుంది. 1987లో ఏర్పడిన ఈ అభయారణ్యంలో అధిక భాగం ముళ్ళపొదలూ, వేసవిలో ఆకు రాల్చే చెట్లూ గల మెట్ట అడవి. నదికి ఇరువైపులా మాత్రం సన్నని పట్టీవలె పచ్చని వృక్షశ్రేణి నిలిచి ఉంటుంది. ఇదే నదీతీరారణ్యం.

ఈ తీరానికి పెద్దదిక్కు మద్దిచెట్టు. తెలుగులో ఏరుమద్ది, కన్నడంలో హొళెమత్తి, తమిళంలో నీర్‌మరుదు: మూడు భాషలవారూ దీనిని నీటితోనే గుర్తుపట్టారు. దీని వేళ్ళు ఒడ్డు మట్టిని పట్టి ఉంచి, వరద కోతను తగ్గిస్తాయి. నీడ నీటిని చల్లగా ఉంచుతుంది. రాలిన ఆకులు పురుగులకు, ఆ పురుగులు చేపలకు ఆహారమవుతాయి. కావేరి పరీవాహక ప్రాంతంలో తప్ప మరెక్కడా లేని మూపు మహసీర్ చేప ఈ నీటిలోనే బతుకుతోంది. 2018లో దానిని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. నీటికుక్కలకు కూడా ఈ ఒడ్డే ఆశ్రయం.

చెట్లపైన మరొక ప్రాణి ఉంది. దక్షిణ భారతంలోను, శ్రీలంకలోను మాత్రమే కనిపించే బూడిదరంగు పెద్ద ఉడుత నేలకు దిగడం అరుదు. కొమ్మ నుండి కొమ్మకు దూకుతూనే సంచరిస్తుంది. నడుమ నాలుగు చెట్లు పడిపోతే దాని దారి తెగినట్లే.

ఇసుక తవ్వకాలు, తీరభూముల సాగు, ఆనకట్టల వల్ల మారిన ప్రవాహాలు ఇటువంటి అడవులను పలుచన చేస్తాయి. ఇప్పుడు మేకెదాటు వద్ద జలాశయం ప్రతిపాదనలో ఉంది. అది ముఖ్యంగా మన నగర దాహం తీర్చడానికే. ముంపు భూమిలో అధిక భాగం మాత్రం ఈ అభయారణ్యానిది. మునిగిన అడవికి బదులు వేరొకచోట మొక్కలు నాటవచ్చునంటారు. నాటవచ్చు, కాని అక్కడ ఏరు ఉండదు. కనుక వాననీటిని నిలుపుకోవడం, వాడిన నీటిని శుద్ధిచేసి మళ్ళీ వాడుకోవడం నగరం ముందుగా చేయవలసిన పనులని ఈ రచయిత అభిప్రాయం.

సెలవు రోజున సంగమానికి వెళ్ళినప్పుడు మద్దిచెట్ల పైకొమ్మలను చూడండి. ఆకులతో, పుల్లలతో కట్టిన పెద్ద గూడు కనిపిస్తే పక్షిదని అనుకోకండి. అది ఆ ఉడుతదే కావచ్చు.