కుమారి నైటింగేలు: యుద్ధ వైద్యశాలనుండి పాఠశాలకు

మా తరగతి గోడమీద ఒక పటము కలదు. చేత దీపము పట్టుకొని, చీకటి పడిన పెద్ద సాలలో రోగుల మంచముల నడుమ నడచుచున్న యొక స్త్రీ పటమది. ఆమె పేరు ఫ్లారెన్సు నైటింగేలని పిల్లలందఱు నెఱుగుదురు. గత సంవత్సరము తొమ్మిదవ తరగతివారిని మేమొక ప్రశ్న యడిగితిమి: "యుద్ధము ముగిసిన పిమ్మట ఈమె యేమి చేసెను?" కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. తుదకు వెనుక బల్లనుండి యొక బాలుడు లేచి, "చనిపోయిందండి" అనెను. తరగతియంతయు నవ్వెను. మేమును నవ్వితిమి గాని, వానిని కోపపడుటకు మాకు మన సొప్పలేదు. ఆ పటము వానికి నేర్పిన దంతియే.

లెక్క చూడుడు. ఆమె టర్కీ దేశమందలి స్కూటరీ పట్టణమున 1854 నవంబరులో అడుగుపెట్టి, 1856 జూలైలో అచ్చటినుండి బయలుదేరెను. అనగా సుమారు 21 నెలలు. ఆ తరువాత ఆమె జీవించినది 54 సంవత్సరములు. పటములోనిది 21 నెలల కథ. మిగిలిన 54 సంవత్సరముల కథ మన పిల్లలకు తెలియదు. అందులో మన సికింద్రాబాదునకును కొంత పాలు కలదు గనుక, దానినే యిచ్చట వ్రాయబూనితిమి.

ఆమె బాల్యమును గూర్చి కొద్దిగా చెప్పి ముందునకు పోవుదము. 1820 మే 12వ తేదీని ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున పుట్టినందున ఆ యూరిపేరే ఆమెకు పెట్టిరి. తలిదండ్రులు కలవారు. తండ్రి తానే గురువై గ్రీకు, లాటిను భాషలను చరిత్రను నేర్పెను. గణితమనిన ఆమెకు ప్రాణము. అయితే రోగులకు పరిచర్య చేసెదనని ఆమె చెప్పగానే ఇంటిలో పెద్ద గోల పుట్టెను. ఆ కాలపు ఇంగ్లాండులో ఆసుపత్రి దాదులనగా త్రాగుబోతులు, మర్యాద తెలియనివారు అను పేరుండెను. ఏండ్ల తరబడి ఇంటివారితో పెనగులాడి, 1851లో జర్మనీయందలి కైసర్స్వెర్తు డీకనెస్సుల సంస్థలో మూడు నెలలు ఉండి పని నేర్చుకొనెను. అప్పటి కామెకు 31 సంవత్సరములు. 1853లో లండనులో ఒక చిన్న ఆసుపత్రికి పర్యవేక్షకురాలాయెను.

మరుసటి యేట క్రిమియా యుద్ధము వచ్చెను. బ్రిటను, ఫ్రాన్సు, టర్కీ ఒకవైపు, రష్యా మఱియొకవైపు. బ్రిటిషు సైనికులు స్కూటరీ ఆసుపత్రిలో దిక్కులేక చచ్చుచున్నారని పత్రికలు వ్రాయగా, యుద్ధశాఖ మంత్రి సిడ్నీ హెర్బర్టు కోరికపై ఆమె 38 మంది నర్సులను వెంటబెట్టుకొని పోయెను. ఆసుపత్రి యన్నమాటే గాని అది ఒక పాత బారకు. చాపలు లేవు, పాత్రలు లేవు, మార్చుకొనుటకు చొక్కాలు లేవు. ఆమె వంటశాలను ఏర్పఱచెను, బట్టలుతుకు వసతి కల్పించెను, నేల కడిగించెను. రాత్రివేళ దీపము పట్టుకొని తిరిగినదియు నిజమే.

విద్యార్థులారా, ఇచ్చట కొంచెము ఆగుడు. ఇంత చేసినను రోగులు బ్రదికిరా? లేదు. 1855 ఫిబ్రవరిలో ఆ యాసుపత్రిలో చికిత్స పొందినవారిలో నూటికి 42 మంది చనిపోయిరి. కారణము కట్టడము క్రిందనే యుండెను. మురుగుకాలువలు పూడిపోయి, వాని దుర్గంధము రోగులున్న గదులలోనికి వచ్చుచుండెను. మార్చి నెలలో ఇంగ్లాండునుండి ఆరోగ్య పరిశీలకుల సంఘము వచ్చి, కాలువలను త్రవ్వించి, గోడలకు సున్నము వేయించి, గాలి యాడుటకు కిటికీలు తెఱపించెను. త్రాగునీటి కాలువలో ఒక చచ్చిన గుఱ్ఱము దొరికెను. జూన్ నాటికి మరణములు నూటికి 2కు దిగెను.

ఇంటికి మరలిన పిమ్మట ఆమె ఊరేగింపులకును సన్మానములకును ఒప్పుకొనక, గణాంకశాస్త్రవేత్త విలియం ఫారుతో గూడ కూర్చుండి ఈ యంకెలను పరిశీలించెను. యుద్ధములో గాయములచేత మరణించినవారికంటె, ఆపదగిన రోగములచేత మరణించినవారు అనేక రెట్లధికులని తేలెను. తాను దీపముతో తిరిగిన ఆ నడవలే, ఆ ఘోరమైన చలికాలమున, సైనికుల కెక్కువ ప్రమాదకరమైన తావులని తేలెను. ఆమె ఈ సంగతిని దాచిపెట్టలేదు. ఎఱుపు, నీలము, నలుపు రంగులతో చక్రమువంటి పటములు గీయించి, చదువని మంత్రికి సైతము ఒక్క చూపున తెలియునట్లు 1858లో అచ్చు వేయించెను. ఆ సంవత్సరమే లండను గణాంక సంఘము ఆమెను సభ్యురాలిగా చేర్చుకొనెను. అంతకుముం దే స్త్రీకిని ఆ గౌరవము దక్కలేదు.

జాలియొక్కటే చాలదు, తెలివియు కావలెనని ఆమెకు నేర్పినవి ఈ యంకెలే యని మా యభిప్రాయము. పాఠశాలయొక్క పుట్టుక ఇచ్చటనే.

యుద్ధకాలమున ప్రజలు కృతజ్ఞతతో పోగుచేసిన నిధి సుమారు 45,000 పౌనులు చేతిలో నుండెను. దానితో 1860లో లండనులోని సెయింటు థామసు ఆసుపత్రియందు నర్సుల శిక్షణ పాఠశాల ప్రారంభమాయెను. మొదటి తరగతిలో 15 గురు. శిక్షణ ఒక సంవత్సరము. భోజనము, వసతి, దుస్తులుగాక ఏటికి 10 పౌనుల వేతనము. మేట్రను శ్రీమతి వార్డ్రోపరు ప్రతి విద్యార్థినిని గూర్చియు నెల నెలా ఒక పట్టిక నింపవలెను: సమయపాలన, నెమ్మది, నమ్మకము, శుభ్రత, గదిని క్రమముగా నుంచుట, అటుపిమ్మట పుండ్లు కట్టుట మున్నగు చేతిపనులు. విద్యార్థినులు దినచర్య వ్రాయవలెను. ఆ దినచర్యలను కుమారి నైటింగేలు తెప్పించుకొని చదువుచుండెడిది.

శిక్షణ కళాశాలలో చదివిన మావంటివారికి ఇది చదివినప్పుడు నవ్వు వచ్చును. పాఠప్రణాళిక వ్రాసితిరా, పుస్తకము చూపుడు, నల్లబల్లమీద అక్షరములు సూటిగా నున్నవా యని మమ్మును అడిగినవారే. అప్పుడు విసుగుకొన్నాము. ఇప్పుడు మా పిల్లల నోటుపుస్తకములను దిద్దునప్పుడు, అడిగినవారెందు కడిగిరో తెలియుచున్నది.

పాఠశాల తొలినుండియు చక్కగానే నడచెనని తలపకుడు. పన్నెండేండ్లు గడచినపిమ్మట, 1872 ప్రాంతమున, ఆమె స్వయముగా విచారింపగా, ఉపన్యాసములు సరిగా జరుగుట లేదనియు, విద్యార్థినులను నేర్చుకొనువారిగా గాక పనివారిగా వాడుకొనుచున్నారనియు బయటపడెను. అప్పటికామె జబ్బుతో చాలవఱకు మంచము పట్టియుండెను. అయినను క్రొత్త బోధకుని నియమింపజేసి, పాఠములను పరీక్షలను ఏర్పఱపించి, విద్యార్థినులను ఒక్కొక్కరినిగా తన యింటికి పిలిపించుకొని మాటాడెను. ఆ యేటినుండి వారికి బహిరంగ లేఖలు వ్రాయ మొదలుపెట్టెను. మంచములోనుండి బడి నడపుట యెట్లో అచ్చట చూడవచ్చును.

ఇక మన యూరి సంగతి. 1859లో బ్రిటిషు ప్రభుత్వము భారతదేశమందలి సైన్యముయొక్క ఆరోగ్యస్థితిని విచారించుటకు ఒక రాయలు కమిషనును నియమించెను. వెనుకనుండి దానిని నడిపించినది కుమారి నైటింగేలే. ఆమె భారతదేశమునకు ఎన్నడును రాలేదు. దేశమందలి దండు స్థలములకెల్ల ప్రశ్నపత్రములు పంపబడెను: నీరెక్కడిది? మురుగెక్కడికి పోవును? ఒక్కొక్క సైనికునికి ఎంత చోటు? జవాబుల కట్టలు ఎంతగా పెరిగెననగా, ఆమె ఇల్లు మారునప్పుడెల్ల వానికొఱకు ప్రత్యేకముగా బండ్లు కావలసివచ్చెడివట.

ఆ నాళ్లలో సికింద్రాబాదు పదాతిదళపు బారకులు కిక్కిరిసినవని, రక్తవిరేచనములకు పేరుమోసినవని సైనిక వైద్యులు మఱల మఱల వ్రాయుచుండిరి. అదే యూరిలో, అదే యెండలో, కొంత విశాలముగా నివసించిన ఫిరంగిదళమువారి కంత బాధ లేకపోయెను. కావున తప్పు ఈ దేశపు గాలిదికాదు, వసతిది. తరువాత 1860ల దశాబ్దములో తిరుమలగిరివైపు క్రొత్త బారకులు లేచెను. నేటికిని సైనిక ఆసుపత్రి ఆ తిరుమలగిరిలోనే యున్నది. మా పిల్లలు అనేకులు దినమును ఆ దారినే బడికి వచ్చుచున్నారు.

1863లో కమిషను నివేదిక వెలువడెను. అంతకు పూర్వము అనేక సంవత్సరముల సగటున భారతదేశమందలి బ్రిటిషు సైనికులలో ఏటేట వేయికి 69 మంది మరణించుచుండిరి. మేము ఈ లెక్కను తరగతిలో చేయించితిమి. వేయిమంది గల పటాలమును ఎప్పుడును నిండుగా నుంచవలెననిన, చచ్చినవారి స్థానమున ఎంత కాలములో మఱియొక వేయిమందిని తేవలెను? పదునాలుగున్నర యేండ్లలో. పది సంవత్సరములైన తరువాత, 1873లో, ఆమె క్రొత్త యంకెను ప్రకటించెను: వేయికి 18.

ఇచ్చట నొక మాట న్యాయముగా చెప్పవలెను. జ్వరములు చెడుగాలివలన వచ్చునని ఆమె నమ్మకము. సూక్ష్మజీవుల సిద్ధాంతమును చాలకాలమంగీకరింపలేదు. 1897 ఆగస్టు 20వ తేదీని రొనాల్డు రాసు మన బేగంపేటలో దోమ కడుపున మలేరియా పరాన్నజీవిని చూచినప్పుడు, ఆమె 77 యేండ్ల వృద్ధురాలై లండనులో నుండెను. కారణము తప్పుగా తెలిసికొనినను, మురుగు తీయుడు, చోటు చూపుడు అన్న ఆమె మందు మాత్రము పనిచేసెను. తరువాత ఆమె చూపు సైనికులను దాటి మన పల్లెరైతులమీద పడెను. కఱవులను గూర్చియు, కాలువలను గూర్చియు విస్తారముగా వ్రాసెను. ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థరు కాటనుతో ఆమెకు ఉత్తరప్రత్యుత్తరములుండెను.

పాఠశాలనుండి వెడలినవారు దేశదేశములకు పోయిరి. లూసీ ఆస్బర్ను 1868లో అయిదుగురితో సిడ్నీ చేరి అచ్చట శిక్షణ నారంభించెను. మన దేశమునకు, 1888 ఫిబ్రవరిలో, సైనిక ఆసుపత్రులకై శిక్షణ పొందిన పదిమంది నర్సులు బొంబాయి రేవున దిగిరి. వారి పెద్ద కుమారి కాథరిను లాక్. మొదటి ప్రపంచయుద్ధకాలమున భారతీయ నర్సులును చేరిరి. 1926లో భారత సైనిక నర్సింగు సేవ స్థిరముగా ఏర్పడెను. 1943లో ఆ సేవయందలివారు అధికారుల హోదా పొందిరి. అయినను 1946లో భోరు సంఘము లెక్క చూడగా, దేశమంతటికిని సుమారు 7,000 మంది నర్సులు, అనగా 43,000 జనులకు ఒక్కరు. ఆ సంవత్సరమే ఢిల్లీలోను వేలూరులోను నర్సింగునందు డిగ్రీ చదువు మొదలాయెను.

ఈ వ్యాసము వ్రాయుటకు నిజమైన కారణము వేఱు. మా పూర్వ విద్యార్థిని యొకతె, పేరు చెప్పము, ఇంటర్మీడియేటు ముగించి నర్సింగు కళాశాలలో చేరవలెనని పట్టుపట్టినది. తండ్రి మాయొద్దకు వచ్చి, "సారూ, మీరు చెప్తే వింటది. వద్దని చెప్పండి" అనెను. ఎందుకని అడిగితిమి. "రాత్రి డ్యూటీలు, పరాయోళ్ల పాయఖానాలు. పెళ్లి ఎట్ల అయితది?" అనెను.

ఇతని తల్లి 2020లో కోవిడు వచ్చి ఒక పెద్ద ఆసుపత్రిలో పదునొకండు దినములుండెను. ఇతడు గేటువద్ద నిలువబడియుండెడివాడు. లోనికి పోనిచ్చెడివారు కారు. ముఖము సైతము కనబడని యొక నర్సు ప్రతి సాయంకాలము తన టెలిఫోనును ఆ ముసలితల్లి చెవియొద్ద పట్టుకొనెడిదట. ఈ సంగతి మాకు చెప్పినవాడు ఇతడే, కన్నీటితో చెప్పెను. దానిని జ్ఞాపకము చేసితిమి. "వాళ్లు దేవతలు సారూ. కాని నా బిడ్డ..." అని ఆగిపోయెను.

మేము గోడమీది పటమును చూపి, ఈమె తండ్రియు నిట్లే అనెనని చెప్పితిమి. ఆ తరువాత స్కూటరీ యంకెలు, వేయికి 69, వేయికి 18, బడి, పట్టికలు, దినచర్యలు అన్నియు చెప్పితిమి. అతడు చాలసేపు వినెను. "ఈ అమ్మ చదువు చెప్పిందా? పటంల దీపమే ఉన్నది గద" అనెను. మఱి రాత్రి డ్యూటీల మాటేమని మరల అడిగెను. అవి యుండునని, కష్టమేనని, అబద్ధము చెప్పక చెప్పితిమి. తన కుమార్తె తొమ్మిదవ తరగతిలో చేసిన ఆ పటాలపు లెక్క కాగితము మాయొద్ద నుండగా చూపితిమి. అతడు దానిని మడచి జేబులో పెట్టుకొని పోయెను.

ఈ వ్యాసము అచ్చునకు పోవు దినమునకు ఆ బాలిక దరఖాస్తు మా బల్లసొరుగులోనే యున్నది. అన్ని గడులును నిండినవి. తండ్రి సంతకము చేయవలసిన చోటు మాత్రము ఖాళీగా నున్నది. గడువు ఇంకను తొమ్మిది దినములు కలదు.